బంతికీ బంతికీ నడుమ

నిలకడా, నీ పేరున ఎవరూ కప్పు పెట్టలేదు. అందరికంటే దూరం కొట్టినవాడికి ఈలలున్నాయి. ఒక్క దెబ్బకే గుంటలో వేసినవాడు ఆ సాయంత్రం క్లబ్బులో అందరికీ పార్టీ ఇవ్వాలని ఆచారమే ఉంది. నిన్న కొట్టినట్టే ఇవాళా కొట్టినవాడిని మాత్రం ఎవరూ తల తిప్పి చూడరు. అయినా గోల్ఫ్ క్లబ్బు పట్టిన ప్రతి మనిషీ లోలోపల కోరుకునేది నిన్నే. ఒక గొప్ప షాట్ ఎవరికైనా పడుతుంది, మొదటిరోజు వచ్చినవాడికి కూడా పడుతుంది. దాని పక్కనే రెండోది పడాలి. ఆ రెండో షాట్ పేరే నువ్వు.

నువ్వు అడిగేది చూడబోతే ఎంత చిన్నది! క్రికెట్‌లోలా పరుగెత్తుకొచ్చే బౌలరు లేడు, టెన్నిస్‌లోలా అవతలి కోర్టులో కాచుకున్నవాడు లేడు. బంతి మన కాళ్ళ ముందు కదలకుండా కూర్చుని ఉంటుంది. బరువు 45.93 గ్రాములు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు అని నియమం. పిడికిట్లో దాగిపోయే ఆ బంతి ముందు సైన్యాల్ని నడిపినవాళ్ళూ కంపెనీల్ని ఏలినవాళ్ళూ తల వంచుకుని, మోకాళ్ళు సడలించి నిలబడతారు. గోల్కొండ కోట పక్కన ఆడినా, విశాఖ సముద్రపు గాలిలో ఆడినా, ఆట పెరిగిన స్కాట్లండ్ ఇసుక నేలల్లో ఆడినా అదే వంగడం. ఇక్కడ తొందరపడి తల ఎత్తినవాడి బంతి నడినెత్తిన దెబ్బ తిని నేలబారుగా పాకుతుంది.

క్లబ్బు పైకి లేచి, కిందికి దిగి, బంతిని తాకడానికి మొత్తం ఒక సెకను, మహా అయితే దానికి కాస్త పైన. అందులో దిగే భాగం సెకనులో మూడో వంతు కూడా ఉండదు. పొరపాటు జరుగుతోందని తెలిసినా దారిలో దిద్దుకునే వ్యవధి లేదు. ఇక బంతీ క్లబ్బు ముఖమూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉండేది సెకనులో సుమారు రెండు వేలవ వంతు. ఆ ఇంతలోనే బంతి నొక్కుకుపోతుంది, ఉబ్బుతుంది, విడివడి దూకుతుంది. దెబ్బ తగిలిన కబురు చేతికి అందేసరికి బంతి గాల్లో ఉంటుంది. ఆ క్షణాన ముఖం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే చాలు, రెండు వందల మీటర్ల అవతల గురికి మూడున్నర మీటర్లు ఎడం. గాలిలో తిరిగే వంకర దానికి అదనం.

ఒక రౌండు ఆడటానికి నాలుగు గంటలు పడుతుంది. పద్దెనిమిది గుంటలు, మైళ్ళ కొద్దీ నడక. తొంభై దెబ్బలు కొట్టినవాడి లెక్క కట్టినా, ఆ నాలుగు గంటల్లో క్లబ్బు నిజంగా ఊగేది రెండు నిమిషాలకు మించదు. మిగతాదంతా నడవడం, చూడటం, క్లబ్బు ఎంచుకోవడం, తన వంతు కోసం ఆగడం. నిలకడా, నువ్వు కనిపించేది ఆ రెండు నిమిషాల్లోనే గానీ కాపురమంతా మిగతా వేళల్లో. అది తెలిసినవాడే నీ ఇంటి తలుపు తట్టగలడు.

మొదటి మొక్కు పట్టుకు. జెర్సీ దీవిలో పుట్టి, తోటపని చేస్తూ పెరిగి, 1896కూ 1914కూ నడుమ ఆరుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచిన హ్యారీ వార్డన్ పేరు మీదే ఇప్పటికీ ఆ పట్టు నడుస్తోంది. కుడి చిటికెన వేలు వచ్చి ఎడమ చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ సందులో ఒదుగుతుంది, రెండు చేతులూ ఒక్క చెయ్యిగా పనిచేస్తాయి. ఆయన కంటే ముందే ఆ పట్టు ఉంది, లోకానికి అలవాటు చేసింది మాత్రం ఆయనే. ఒళ్ళు క్లబ్బును తాకేది ఈ ఒక్కచోటే కాబట్టి మంచీ చెడూ ఇక్కణ్ణుంచే మొదలవుతాయి. బిగిస్తే మణికట్టు మొరాయిస్తుంది, మోచేయి కొయ్యబారుతుంది. సడలిస్తే తాకే క్షణంలో ముఖం తిరిగిపోతుంది. నిన్నటి పట్టు ఇవాళ్టికి మిగలదు, పక్క బంతికే మిగలదు. అందుకే తెలిసినవాళ్ళు ప్రతి బంతికీ చేతులు పూర్తిగా విడిచి మళ్ళీ మొదటినుంచీ పేర్చుకుంటారు. ఎడమ చెయ్యి, ఆపైన కుడి చెయ్యి, ఆఖరున చిటికెన వేలు.

రెండో మొక్కు నిలబడే తీరుకు. బంతి వెనక నిలబడి చూసినప్పుడు గుంటలో పాతిన జెండా సూటిగా ఉంటుంది. పక్కకు వచ్చి పాదాలు పరిచేసరికి అదే జెండా ఎటో జరిగినట్టుంటుంది. కన్ను అబద్ధమాడుతోందని ఒప్పుకోవడం కష్టం గనక, సాధకులు నేల మీద రెండు కర్రలు పరుస్తారు. ఒకటి బంతి పోవలసిన దారికి ఆనుకుని, ఇంకొకటి దానికి సమాంతరంగా పాదాల ముందు. పాదాలు, మోకాళ్ళు, తుంటి, భుజాలు అన్నీ ఆ కర్ర మాట వినాలి. పాదాలు బుద్ధిగా ఉండి భుజాలు తెరుచుకుని నిలబడ్డా బంతి కనిపెట్టేస్తుంది. బంతిని ఒక అంగుళం ముందుకు పెట్టుకున్నా కనిపెట్టేస్తుంది. స్వింగ్ చెడిందని బాధపడేవాళ్ళలో చాలామందికి చెడింది నిలబడటమే. కదలడం మొదలుపెట్టక ముందే తప్పు జరిగిపోయి ఉంటుంది.

మూడో మొక్కు మట్టికి. గడ్డి మీద సుద్దపొడితో ఒక గీత గీస్తారు. బంతి పెట్టరు. గీతను రెండు పాదాల నడుమకు తెచ్చుకుని, సెవెన్ ఐరన్ అనే క్లబ్బుతో ఊపుతారు. క్లబ్బు గీతను దాటాక, గురి వైపున, గడ్డిని కోయాలి. లేచిన గడ్డిపెళ్ళ పల్చగా, అరచేతి పొడవున ఉంటే మేలు. గీతకు ఇవతలే మట్టి లేచిందంటే, బంతి ఉండి ఉంటే క్లబ్బు దాని కంటే ముందు నేలను తాకేదన్నమాట. గడ్డి అసలు తెగకపోతే బంతి నెత్తిన తగిలి ఉండేది. గీత వెంట కొంచెం జరిగి మళ్ళీ ఊపు. ఇంకొంచెం జరిగి మళ్ళీ. కాసేపటికి గీత పొడవునా మచ్చలు వరుసగా పడతాయి. ఆ మచ్చలు మొదలైన చోట్లు చూడాలి. ఒకటి గీతకు ఇవతల, ఒకటి జానెడు అవతల, ఒకటి మూలకు పారి ఉంటే నువ్వు ఇంకా దారిలోనే ఉన్నావు. అంచులన్నీ గీతను ఆనుకుని ఒకదాని కింద ఒకటి దిగితే వచ్చి కూర్చున్నావు. సాధనకు పరిచే ప్లాస్టిక్ మ్యాట్ ఈ లెక్క చెప్పదు. బంతికి రెండంగుళాల వెనక తగిలినా క్లబ్బు దాని మీద జారి బంతిని చేరుకుంటుంది, చప్పుడు కూడా బాగానే ఉంటుంది. మట్టికి ఆ మొహమాటం లేదు.

క్లబ్బు ముఖం కూడా అంతే నిక్కచ్చి. దానికి తెల్లగా పౌడరు పట్టించి కొడితే, బంతి తగిలినచోట దాని మీది గుంటల అచ్చు గుండ్రంగా దిగుతుంది. కొత్తవాడి క్లబ్బు నిండా అచ్చులే, మొనకొకటి, మడమకొకటి, అడుగు అంచున ఒకటి. ఏళ్ళు సాధన చేసినవాడి ఐరన్‌కి పౌడరు అక్కర్లేదు. గీతల నడుమ ఒకేచోట లోహం మెరుపు మాసి, చిన్న నాణెమంత మచ్చ తేలి ఉంటుంది. ఆ మచ్చ నీ సంతకం.

నాలుగో మొక్కు లయకు. పేరున్న ఆటగాళ్ళ స్వింగ్‌లను వీడియోలో ఫ్రేము ఫ్రేముగా లెక్కపెట్టి జాన్ నొవొసెల్ ‘టూర్ టెంపో’ అనే పుస్తకంలో ఒక మాట చెప్పాడు. క్లబ్బు పైకి పోవడానికి పట్టే కాలం, దిగి బంతిని చేరడానికి పట్టే కాలానికి ఇంచుమించు మూడింతలు. వడిగా ఊపేవాడికీ నిదానంగా ఊపేవాడికీ అదే నిష్పత్తి. సంగీతం నేర్పే ఇంట్లో సరళీ వరుసలు ఒకటో కాలంలో కుదిరాకే రెండో కాలం, అది కుదిరాకే మూడో కాలం. వేగం మారుతుంది, స్వరానికీ స్వరానికీ మధ్య పొందిక మారదు. క్లబ్బుకీ ఆ పాఠమే చెప్పాలి. ముందు సగం ఊపు, సగం వేగం. దిగేటప్పుడు భుజం తొందరపడిందా, తుంటి దారి ఇచ్చిందా, బరువు ఎడమ కాలి మీదికి చేరిందా అన్నది అప్పుడే ఒంటికి తెలుస్తుంది. పూర్తి వేగంలో చెయ్యి ఏం చేసిందో చేసినవాడికే తెలియదు. ఊపు అయిపోయాక బంతి నేలకు దిగేదాకా ఒంటికాలి మీద బరువు మోసి కదలకుండా నిలవగలిగితే లయ తప్పలేదని సాక్ష్యం. తూలితే ఎక్కడో అప్పు మిగిలింది.

నీ కోసం బతుకు ధారపోసినవాళ్ళలో బెన్ హోగన్‌ను ముందు తలవాలి. 1912లో టెక్సస్‌లో పుట్టాడు. తండ్రి కమ్మరి. కొడుక్కి తొమ్మిదేళ్ళప్పుడు తనను తాను కాల్చుకుని పోయాడు. కుర్రవాడు ఫోర్ట్‌వర్త్‌లో గ్లెన్ గార్డెన్ క్లబ్బుకు పోయి కేడీగా ఇతరుల సంచులు మోశాడు. 1930లో ప్రొఫెషనల్ అయ్యాడు. కొట్టిన బంతి ఎడమకు వంకర తిరిగి పారిపోయేది. ఆ హుక్ ఆయన్ని ఏళ్ళ తరబడి తరిమింది. చేతిలో డబ్బయిపోయి టూర్ వదిలి ఇంటిదారి పట్టడం కూడా అయింది. ఒంటరిగా గెలిచిన మొదటి టూర్ పోటీ 1940లో, పైన్‌హర్స్ట్‌లో. పదేళ్ళ పాటు ఒంటరి గెలుపు లేకుండా నేల తవ్విన మనిషి ఆయన. రహస్యం మట్టిలోనే ఉందని ఆయన అన్నట్టు ఆడేవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

1949 ఫిబ్రవరిలో, పొగమంచులో ఒక బస్సు ఎదురొచ్చి ఆయన కారును గుద్దింది. పక్కనున్న భార్యకు అడ్డంగా పడి ఆమెను కాపాడాడు. కటి ఎముక, భుజం దగ్గరి ఎముక, చీలమండ విరిగాయి. కాళ్ళలో రక్తం గడ్డలు కట్టింది. మళ్ళీ నడుస్తాడా అని అడిగారే గానీ ఆడతాడా అని అడిగేందుకు ఎవరికీ నోరు రాలేదు. పదహారు నెలల తరవాత, 1950 జూన్‌లో, మెరియన్‌లో అమెరికా ఓపెన్. కాళ్ళకు పట్టీలు చుట్టుకుని ఆఖరి రోజు ముప్ఫయ్యారు గుంటలు నడిచాడు. చివరి గుంటకు వన్ ఐరన్‌తో కొట్టిన దెబ్బను హై పెస్కిన్ వెనకనుంచి ఫొటో తీశాడు. ఎడమ కాలు నిటారు, కుడి పాదం మునివేళ్ళ మీద లేచి అడుగున ఉన్న స్పైకులు కనిపిస్తూ, చేతులు భుజం మీదికి ఎక్కి, అవతల గ్రీన్ చుట్టూ జనం. నడుము కింద అంతా నొప్పి, నడుము పైన అంతా నువ్వు. మర్నాడు ప్లే ఆఫ్‌లో గెలిచాడు. విరిగి అతుక్కున్న ఒంటికి పాత కదలికలు నూటికి నూరూ తిరిగి రావు. ఒళ్ళు కొత్తది, దెబ్బ మాత్రం పాతదే. అదెలా?

దానికి జవాబు హోగన్ తండ్రి చేతిలోని సుత్తి లాంటి సుత్తి దగ్గరే దొరికింది. 1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనే శాస్త్రవేత్త ఉలి మీద సుత్తితో కొట్టే పనివాళ్ళ కీళ్ళకు చిన్న బల్బులు కట్టి వాళ్ళ చేతి కదలికలను ఫొటోలు తీశాడు. ఆరితేరిన పనివాడి సుత్తి ప్రతిసారీ ఉలి తల మీదే పడుతోంది. భుజం నడిచిన దారి, మోచేయి నడిచిన దారి, మణికట్టు నడిచిన దారి మాత్రం ఏ రెండు దెబ్బలకూ ఒకటిగా లేవు. ఒక కీలు వెంట్రుకవాసి అటు జరిగితే ఇంకొకటి ఇటు జరిగి లెక్క సరిచేస్తోంది. సాధన అంటే దొరికిన జవాబును వల్లెవేయడం కాదు, అదే లెక్కను ప్రతిసారీ కొత్తగా చేయడం అని ఆయన తేల్చాడు.

నిలకడా, అప్పుడు తెలిసింది నీ స్వరూపం. నువ్వు ప్రతిసారీ వేరే దారిన వచ్చి ఒకేచోట దిగుతావు. నిన్న ఎండ, ఇవాళ ఎదురుగాలి. నిన్న నిద్ర పట్టింది, ఇవాళ నడుము పట్టింది. ఏ రోజూ మనిషి నిన్నటి మనిషి కాదు. అయినా క్లబ్బు ముఖం ఆ రెండు వేలవ వంతు సెకనులో నిన్నటిలాగే బంతిని చూడాలి. అందుకే నువ్వు అందానికి లొంగవు. జిమ్ ఫ్యూరిక్ క్లబ్బు పైకి ఒక దారిన పోయి, ఆకాశంలో మెలిక తిరిగి, ఇంకో దారిన దిగుతుంది. నేర్చుకునేవాళ్ళెవరూ అలా ఊపడానికి సాహసించరు. ఆయనకు నేర్పిన తండ్రి ఆ మెలికను విప్పలేదు. ఆ స్వింగ్‌తోనే 2003లో అమెరికా ఓపెన్ గెలిచాడు, 2016లో ఒక రౌండు 58 దెబ్బల్లో ముగించాడు. కెనడాలో కిచెనర్ ఊరివాడు మో నార్మన్ కాళ్ళు బారజాపి, చేతులు చాచి, క్లబ్బును బంతికి చాలా వెనక ఆనించి మొదలుపెట్టేవాడు. చూసినవాళ్ళు నవ్వారు, బంతి పోయే దారి చూసి నవ్వు ఆపారు. సూటికి మారుపేరై బతికాడు. ఆయనే 1956 మాస్టర్స్ పోటీ నడుమ సాధన చేసే రేంజ్‌కి పోయి వందల బంతులు కొట్టి, చెయ్యి పట్టు నిలవక పోటీ మధ్యలో తప్పుకున్నాడు. నీకు సేవ ఎక్కువైనా పడదు.

నీ పేరు చెప్పుకుని మోసపోయేవాళ్ళు డ్రైవింగ్ రేంజ్‌లో రోజూ కనిపిస్తారు. బుట్టెడు బంతులు, ఒకే క్లబ్బు, ఒకే గురి. ఒక బంతి నేలకు దిగకముందే క్లబ్బు కొసతో ఇంకో బంతిని లాక్కుంటారు. చేతులు విడవరు, వెనక్కి రారు, గురి చూడరు. పదో బంతికి చెయ్యి వేడెక్కుతుంది, ఇరవయ్యో బంతికి అన్నీ సూటిగా పోతాయి, ముఖం వెలుగుతుంది. మర్నాడు మొదటి టీ దగ్గర అదే చెయ్యి అదే క్లబ్బుతో బంతిని చెట్లలోకి పంపుతుంది. జాన్ షీ, రాబిన్ మోర్గన్ 1979లో చేసిన ప్రయోగం ఈ మర్మం విప్పింది. చెక్క అడ్డుపలకలను మూడు రకాల వరుసల్లో పడగొట్టే పని ఇచ్చారు. ఒక జట్టు ఒక వరుసనే ఏకధాటిగా చేసి ఆ తరవాత రెండోదానికి పోయింది, ఇంకో జట్టు మూడింటినీ కలగాపులగంగా చేసింది. సాధన వేళ మొదటి జట్టే చురుకు. రోజులు గడిచాక పరీక్షిస్తే రెండో జట్టుకే గుర్తుంది. మరిచిపోయి మళ్ళీ తెచ్చుకోవడమే నేర్చుకోవడం.

అందుకని నీ నిజమైన భక్తుడు బుట్టలో బంతులు త్వరగా అవగొట్టడు. ఒక బంతి డ్రైవర్‌తో, తరవాతిది వెడ్జ్‌తో, ఆ తరవాతిది సిక్స్ ఐరన్‌తో. ఒకటి ఎడమ జెండాకు, ఒకటి కుడి చెట్టుకు. కొట్టాక బంతి ఆగేదాకా చూస్తాడు. చేతులు విడుస్తాడు. బంతి వెనక్కి నడుస్తాడు. గురి చూసి, బంతికి మూరెడు ముందున ఒక ఎండు గడ్డిపరకను గుర్తు పెట్టుకుంటాడు. ఊపిరి ఒకసారి వదిలి, పక్కకు వచ్చి, క్లబ్బు ముఖాన్ని ఆ పరకకు చూపించి, ఆ తరవాత పాదాలు పరుస్తాడు. పక్క మ్యాట్ మీదివాడు ఈలోగా ఆరు బంతులు కొట్టేసి ఉంటాడు. ఈయన మాత్రం ఒక్క బంతి నేర్చుకున్నాడు. కొట్టడం చిటికెలో అయిపోయే పని, మళ్ళీ మొదలుపెట్టడమే సాధన. బంతికీ బంతికీ నడుమ ఉన్న ఆ నాలుగు అడుగుల నడకలోనే నువ్వు నడుస్తుంటావు.

నీ విలువెంతో 2021 ఆగస్టులో ఒక శనివారం పొద్దున మన దేశమంతా చూసింది. టోక్యో ఒలింపిక్స్‌లో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ ఆడుతుంటే, గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని ఇళ్ళల్లో కూడా టీవీలు పెట్టుకున్నారు. దూరంలో ఆమెను మించినవాళ్ళు ఎందరో ఉన్నారు. అందుకే ఆమె ఆట అంతా సూటి మీద, చిన్న షాట్ల మీద, పటింగ్ మీద నిలబడింది. తల్లి కేడీగా సంచి మోసింది. నాలుగు రోజుల ఆట ముగిసేసరికి నాలుగో స్థానం. పతకానికీ ఆమెకూ మధ్య తేడా ఒకే ఒక్క దెబ్బ. ఒక్క దెబ్బ అంటే ఎంతో ఆ పొద్దున అందరికీ అర్థమైంది. నువ్వు మనిషికి దాచిపెట్టి ఇచ్చేవన్నీ ఆ ఒక్కొక్క దెబ్బలే.

ఇక ఫలశ్రుతి. పట్టు విడిచి మళ్ళీ పట్టేవారికి, కర్రలు పరిచి నిలబడేవారికి, బంతికీ బంతికీ నడుమ ఓపికగా వెనక్కి నడిచేవారికి కలిగే ఫలమేమనగా: డ్రైవర్ ఒక్క గజం కూడా ఎక్కువ పోదు. చెరువులో పడవలసిన బంతి రఫ్‌లో ఆగును. రఫ్‌లో పడవలసినది ఫెయిర్‌వే అంచున నిలుచును. చెడ్డ దెబ్బలు రాకుండా పోవు, వచ్చినా జంటగా రావు. బంతులు పోగొట్టుకునే ఖర్చు తగ్గును. క్లబ్బును నేలకేసి కొట్టే పాపం అంటదు. కేడీ పక్కకు తిరిగి నవ్వడు. వయసు మీదపడి దూరం తరిగినా సూటి తరగదు. తక్కిన స్తోత్రాలు విన్నవారికీ చదివినవారికీ కూడా పుణ్యం పంచిపెడతాయి. ఇందులో ఆ వెసులుబాటు లేదు, కొట్టినవారికే.